ఎఫ్రేము: సిద్ధాంతాన్ని పాటల్లో చెప్పిన సిరియా కవి

పెన్నాతీరం:
అందరికీ వందనాలు. మన తెలుగు సంఘాల్లో అగస్టీను పేరు కాస్త వినిపిస్తుంది, లూథరు పేరు ఎక్కువే వినిపిస్తుంది, కానీ ఎఫ్రేము అంటే చాలామంది పాత నిబంధనలోని ఎఫ్రాయీము గోత్రం గురించి మాట్లాడుతున్నామనుకుంటారు. నేను చెప్పేది 4వ శతాబ్దపు సిరియా దేశపు భక్తుడి గురించి. సుమారు 306లో నిసిబిస్ పట్టణంలో పుట్టి 373 జూన్ 9న ఎదెస్సాలో చనిపోయాడు. బిషప్పు కాదు, జీవితమంతా డీకనుగానే, అంటే సంఘ పరిచారకుడిగానే ఉండిపోయాడు. రాసింది సిరియాక్ భాషలో, అంటే యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్‌కి దగ్గరి చుట్టం లాంటి భాషలో. మనకు మిగిలినవే దాదాపు 400 పాటలు, పోయినవి ఎన్నో. ఆదికాండము, నిర్గమకాండముల మీద వచనంలో వ్యాఖ్యానాలు కూడా రాశాడు, కానీ త్రిత్వం గురించి, క్రీస్తు మానవత్వం గురించి, పరదైసు గురించి, ప్రభు భోజనం గురించి తను చెప్పదలచుకున్న అసలు సంగతంతా పాటలోనే పెట్టాడు.

నేను ఈ చర్చ మొదలుపెట్టడానికి కారణం ఒక్కటే. పాట అనేది ప్రసంగానికి ముందు జనాన్ని కూర్చోబెట్టడానికి పాడేదని మనలో ఒక అలవాటు పడిపోయింది. ఎఫ్రేము దగ్గర పాటే ప్రసంగం. దేవుణ్ణి గురించి ఆలోచించడానికి అంతకంటే సరైన దారి లేదని ఆయన గట్టిగా నమ్మాడు. దీని మీద మీరేమంటారో వినాలని ఉంది.

రైలుబండి:
ఈ నిసిబిస్, ఎదెస్సా ఇప్పుడు ఎక్కడున్నాయండి? మ్యాపులో వెతికితే దొరకడం లేదు.

తాళపత్రం:
రెండూ ఇప్పటి టర్కీలోనే ఉన్నాయి. నిసిబిస్ ఇప్పుడు నుసాయ్‌బిన్, సరిగ్గా సిరియా సరిహద్దు మీద ఉంటుంది. ఎదెస్సా ఇప్పటి షాన్లీఉర్ఫా.

ఆ ఊరి సంగతి తెలియకపోతే ఆయన పాటలు సగమే అర్థమవుతాయి. నిసిబిస్ అంటే రోమా సామ్రాజ్యానికి, పర్షియాకి మధ్య ఉన్న కోట పట్టణం. పర్షియా రాజు రెండవ షాపూరు దాన్ని 338లో, 346లో, 350లో మూడుసార్లు ముట్టడించాడు. మూడోసారి పక్కనున్న మిగ్దోనియస్ నదికి కట్ట కట్టి నీళ్ళను గోడల మీదికి వదిలాడు. గోడ ఒకచోట కూలింది కూడా, అయినా ఊరివాళ్ళు గండి పూడ్చుకుని నిలబడ్డారు. ఎఫ్రేము అప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన నిసిబిస్ పాటల్లో మొదటిది తెరిస్తే ఊరే మాట్లాడుతుంది. నోవహు ఓడ చుట్టూ ఉత్త నీళ్ళే ఉన్నాయి, నా చుట్టూ నీళ్ళతోపాటు మట్టికట్టలూ బాణాలూ ఉన్నాయి అని దేవుడికి మొర పెట్టుకుంటుంది. పుస్తకాల్లోంచి ఏరుకున్న ఉపమానం కాదది. గోడ అవతల నీళ్ళు ఎక్కుతుంటే చూసినవాడి మాట.

363లో రోమా చక్రవర్తి జూలియను పర్షియా మీద యుద్ధానికి వెళ్ళి చనిపోయాడు. తరువాత వచ్చిన జోవియను సైన్యాన్ని ప్రాణాలతో వెనక్కి తెచ్చుకోవడానికి నిసిబిస్‌ను పర్షియాకి రాసిచ్చేశాడు. మూడు ముట్టడులు తట్టుకున్న ఊరు ఒక్క సంతకంతో పోయింది! జనం ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఎఫ్రేముకి అప్పటికి యాభై దాటాయి. కోట బురుజు మీద పర్షియా జెండా ఎగరడం, గోడ పక్కగా జూలియను శవాన్ని తీసుకుపోవడం తన కళ్ళతో చూశానని జూలియను మీద రాసిన పాటల్లో చెప్పాడు. ఆ తరువాత ఎదెస్సా చేరి మిగిలిన పదేళ్ళూ అక్కడే గడిపాడు.

పాటల_అక్క:
తాళపత్రం గారు ఊరి గోడల గురించి చెప్పారు, నేను పాడినవాళ్ళ గురించి చెబుతాను. ఎఫ్రేము పాటలు పాడింది ఎక్కువగా ఆడవాళ్ళు. ఇది ఎవరో ఈ కాలంవాళ్ళు కల్పించి చెప్పే మాట కాదు. ఆయనే తన పునరుత్థానపు పాటల్లో పండగ రోజున ఎవరెవరు ఏమేమి తెచ్చి అర్పించాలో వరసగా చెబుతూ బిషప్పు ప్రసంగాలు, డీకన్లు వాక్య పఠనాలు, పిల్లలు కీర్తనలు, స్త్రీలు తమ మద్రాషాలు తేవాలి అంటాడు. మద్రాషా అంటే ఆయన రాసిన ఈ బోధ పాటలే. నూరేళ్ళ తరువాతివాడు సెరూగు యాకోబు అనే ఇంకో పెద్ద కవి ఎఫ్రేము మీద ఒక పొడుగాటి పద్యం రాశాడు. అందులో ఆయన్ను మెచ్చుకున్న ముఖ్యమైన విషయం ఇదే, సంఘంలో నోరు మూసుకుని ఉన్న స్త్రీలకు నోరు తెరిచి పాడటం నేర్పాడని. ఎర్ర సముద్రం ఒడ్డున మిర్యాముతో పాడిన స్త్రీల వరసలో వీళ్ళను నిలబెడతాడు.

ఆలోచించండి. అప్పట్లో చదువు వచ్చిన ఆడవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? పుస్తకం చేతికి రాని మనిషి త్రిత్వం గురించి, క్రీస్తు జననం గురించి చరణం తరువాత చరణం కంఠతా పాడుతూ ఉంటే ఆమె వేదాంతం నేర్చుకున్నట్టే కదా, పైగా నలుగురికీ నేర్పుతున్నట్టు. మన కాయిర్‌లో ఆల్టో పాడే అమ్మాయిలకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, మీ నోట్లో ఉన్నది సంఘం మొత్తానికి బోధ, కాబట్టి మాటలు తెలుసుకుని పాడండి అని.

ఆరిలోవ_బ్రదర్:
అక్కా, మీ మాట కాదనను గానీ నాకో అభ్యంతరం ఉంది. పాట మనసుని కదిలిస్తుంది, నిజమే. కానీ సిద్ధాంతం చెప్పాలంటే స్పష్టమైన వాక్యాలు కావాలి. 4వ శతాబ్దంలో బిషప్పుల సభ ఒప్పుకున్న నీకయ విశ్వాస ప్రమాణం పాట కాదు కదా, ఒక్కొక్క మాట తూచి రాశారు. పాటలో ప్రాస కోసమో రాగం కోసమో మాట అటూ ఇటూ అవుతుంది, అక్కడే తప్పు బోధ దూరుతుంది. ఇప్పుడు వస్తున్న కొన్ని పాటలు వినండి, ఎవరి గురించి పాడుతున్నారో కూడా తెలియదు, ప్రభువు పేరు తీసేస్తే సినిమా పాటగా సరిపోతుంది. అందుకే పాట పాటే, బోధ బోధే అని నా అభిప్రాయం.

పాటల_అక్క:
బ్రదర్, మీరు చెప్పిన భయం ఎఫ్రేముకి కూడా ఉంది, అందుకే ఆయన పాటలు రాశాడు! ఎదెస్సాలో ఆయనకంటే నూటయాభై ఏళ్ళ ముందు బర్దైసాను అని ఒక మేధావి ఉండేవాడు, 222లో చనిపోయాడు. దావీదు కీర్తనలు 150 ఉన్నాయి కాబట్టి తనూ 150 పాటలు కట్టాడని ఎఫ్రేమే చెబుతాడు. ఆ పాటల తీపికి కుర్రకారు పడిపోయారు. సృష్టి గురించి, శరీర పునరుత్థానం గురించి ఆయన బోధలో సంఘం ఒప్పుకోని విషయాలు చాలా ఉన్నాయి. ఎఫ్రేము ఊళ్ళోకి వచ్చేసరికి బర్దైసాను శిష్యులు, పాత నిబంధన దేవుడు వేరనే మార్కియోను వాళ్ళు, వెలుగు, చీకటి రెండు శక్తులనే మానీ వాళ్ళు, కుమారుడు సృష్టించబడ్డవాడే అనే ఆరియను వాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. పాటతో వచ్చిన దాన్ని ఒట్టి వాదనతో బయటికి పంపలేమని ఆయనకు తెలుసు. అందుకే పాటకు పాటే ఎదురు పెట్టాడు.

తాళపత్రం:
బర్దైసాను పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. రోమా చక్రవర్తి దగ్గరికి వెళుతున్న భారత రాయబారులతో ఆయన మాట్లాడాడని, బ్రాహ్మణుల గురించి, శ్రమణుల గురించి వాళ్ళు చెప్పింది రాసిపెట్టాడని పోర్ఫిరీ అనే గ్రీకు తత్వవేత్త ఉటంకించాడు. ఎదెస్సా అంత పెద్ద కూడలి. పట్టు దారి వర్తకులు, గ్రీకు తత్వం చదివినవాళ్ళు, యూదులు, రకరకాల క్రైస్తవులు అందరూ ఒకే బజారులో తిరిగేవాళ్ళు. ఎఫ్రేము పాటల్లో అంత వాదోపవాదం ఎందుకుందంటే ఆ బజారు అలాంటిది.

ఛందోప్రియ:
నేను క్రైస్తవుణ్ణి కాదు, సాహిత్యం మీద ఇష్టంతో చదివాను, కాబట్టి నిర్మాణం గురించి మాత్రం రాస్తాను. ఆయన రాసినవి ముఖ్యంగా రెండు రకాలు. మేమ్రా అనేది పాడేది కాదు, చదివి వినిపించేది, 7 అక్షరాలు 7 అక్షరాలుగా జంట పాదాలు. గురులఘువుల లెక్క లేదు, ఒట్టి అక్షరాల లెక్కే. మన ద్విపద గుర్తుకొస్తుంది నాకు. పాల్కురికి సోమనాథుడు పండితుల కోసం కాకుండా అందరికీ అందాలని ద్విపద ఎంచుకున్నట్టే ఇక్కడా ఆ సులువు కనిపిస్తుంది. 7 అక్షరాల ఆ పాదాన్ని సిరియాక్ సంప్రదాయంలో ఎఫ్రేము ఛందస్సు అనే పిలుస్తారు.

రెండోది మద్రాషా. ఇది చరణాలుగా ఉంటుంది, ప్రతి చరణం తరువాత బృందం అందుకునే పల్లవి ఉంటుంది. చరణాల అక్షర క్రమాలు పదుల కొద్దీ రకాలు. ప్రతి పాటల వరసకీ పైన ‘ఫలానా పాట వరసలో’ అని బాణీ పేరు రాసి ఉంటుంది. మీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పైన రాగం, తాళం అచ్చు వేస్తారే, ఆ పద్ధతికి దగ్గర. పురుషోత్తమ చౌదరి కీర్తనలు చదివినవాళ్ళకు ఈ పల్లవి, చరణం నడక కొత్తగా అనిపించదు. ఇంకో ముచ్చట, కొన్ని పాటల్లో చరణాల మొదటి అక్షరాలు వరసగా కలిపితే సిరియాక్‌లో ఆయన పేరు వస్తుంది. సంతకం అన్నమాట.

ఆరిలోవ_బ్రదర్ గారి అభ్యంతరానికి సాహిత్యం వైపు నుంచి జవాబు ఏమంటే, ఆయన ప్రాస కోసం మాట మార్చే కవి కాదు. ఆయన పని అంతా ఎదురెదురుగా పెట్టడం. జననపు పాటల్లో 11వది చూడండి. ప్రభూ, నీ తల్లిని ఏమని పిలవాలో ఎవరికీ తెలియడం లేదు, కన్య అందామంటే బిడ్డ కనిపిస్తున్నాడు, పెళ్ళైనది అందామంటే ఆమెను ఏ పురుషుడూ ఎరగడు అని మొదలవుతుంది. తరువాత వరసగా వస్తాయి: అందరికీ అన్నం పెట్టేవాడు ఆమెలోకి వెళ్ళి ఆకలితో బయటికి వచ్చాడు, అందరికీ నీళ్ళిచ్చేవాడు దాహంతో వచ్చాడు, అందరికీ బట్టలు తొడిగేవాడు దిగంబరంగా వచ్చాడు. ఇందులో అలంకారం ఎక్కడుంది, సిద్ధాంతం ఎక్కడుంది? విడదీసి చూపించండి చూద్దాం.

పెన్నాతీరం:
ఛందోప్రియ గారూ, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పేశారు. దానికి కొంచెం కలుపుతాను.

ఎఫ్రేముకి బాగా కోపం తెప్పించేది ఒకటుంది, దేవుడి స్వరూపాన్ని తవ్వి చూస్తామనే ఆత్రం. తండ్రి కుమారుణ్ణి ఎలా కన్నాడు, ఎప్పుడు కన్నాడు అని కొలతలు పెట్టి అడిగేవాళ్ళను ఉద్దేశించే విశ్వాసం మీద 87 పాటల్లో చాలా భాగం నడుస్తుంది. సృష్టికీ సృష్టికర్తకీ మధ్య పెద్ద అగాధం ఉంది, ఇటు నుంచి మనం దాటలేం, అటు నుంచి ఆయనే దాటి వచ్చాడు. ఎలా వచ్చాడంటే ముందు మన మాటల్ని బట్టల్లా తొడుక్కున్నాడు, తరువాత మన శరీరాన్నే తొడుక్కున్నాడు. లేఖనంలో దేవుడికి చెవులున్నాయని, కోపం వచ్చిందని, పశ్చాత్తాపపడ్డాడని రాసి ఉంటే అది ఆయన మన కోసం తొడుక్కున్న మాట, దాన్ని పట్టుకుని ఆయన స్వభావం ఇదే అని తీర్పు చెప్పకూడదు.

దీనికి 31వ పాటలో ఒక పోలిక ఇస్తాడు. చిలుకకి మాటలు నేర్పేవాడు అద్దం పెట్టి దాని వెనక దాక్కుని మాట్లాడతాడు, చిలుక అద్దంలో తన రూపాన్నే చూసి తన జాతి పక్షే మాట్లాడుతోందనుకుని నేర్చుకుంటుంది. దేవుడూ అంతే, మన రూపం వెనక నిలబడి తన మాట మనకు నేర్పాడు అంటాడు. ఇంతకంటే స్పష్టంగా మానవావతారం గురించి ఏ నిర్వచనం చెబుతుంది, చెప్పండి బ్రదర్? నిర్వచనం అంటే హద్దు గీయడం, హద్దు లేనివాడి చుట్టూ హద్దు గీయకూడదనే ఆయన పాటను ఎంచుకున్నాడు. అలాగని నీకయ ప్రమాణాన్ని కాదనలేదు, దాని పక్షానే జీవితమంతా నిలబడ్డాడు. త్రిత్వం గురించి 73వ పాటలో సూర్యుడు, వెలుగు, వేడి అని చెప్పి ఊరుకుంటాడు. చూడమంటాడు, తవ్వొద్దంటాడు.

81 నుంచి 85 దాకా ముత్యం పాటలు. ఒక ముత్యాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తాడు. ఎటు తిప్పినా వెలుగే, ముందూ వెనకా లేదు. దాంట్లో కుమారుణ్ణి చూస్తాడు, సంఘాన్ని చూస్తాడు, ముత్యం కోసం దిగంబరులై సముద్రంలోకి దూకిన పేద ఈతగాళ్ళలో అపొస్తలుల్ని, బాప్తిస్మాన్ని చూస్తాడు. దేవుడికి సాక్షులు రెండు, లేఖనం, ప్రకృతి. రెంటిలోనూ గుర్తులు నిండి ఉన్నాయి, చూసే కన్ను కావాలి.

ఆరిలోవ_బ్రదర్:
చిలుక పోలిక బాగుంది, అది ఈ ఆదివారం వాడుకుంటాను. ప్రభు భోజనం గురించి ఆయన ఏమన్నాడో ఎవరైనా చెప్పగలరా? అక్కడే సంఘాల మధ్య గొడవలన్నీ ఉన్నాయి.

కొట్టాయంలో_తెలుగు:
విశ్వాసం పాటల్లో 10వది చూడండి బ్రదర్. నీ రొట్టెలో తినలేని ఆత్మ దాగి ఉంది, నీ ద్రాక్షారసంలో తాగలేని అగ్ని ఉంది అంటాడు. యెషయా దగ్గరికి దూత నిప్పు కణికను పట్టుకారుతో తెచ్చాడు, దూత వేళ్ళతో తాకలేదు, యెషయా మింగలేదు, కానీ ప్రభువు మనకు రెండూ ఇచ్చాడు, చేత్తో తాకడం, నోట్లో పెట్టుకోవడం. ఎలా జరుగుతుందనే వివరణ జోలికి పోడు. నిప్పు అన్నాడు, అంతే. ఏ సంఘంవాళ్ళు చదివినా ఒక్క క్షణం ఆగుతారు.

నేను ఉద్యోగం మీద కేరళలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడ సిరియను ఆర్థడాక్స్ చర్చిల్లో ఎఫ్రేము పాత పేరు కాదు, ఇప్పటికీ ఆరాధనలో ఉన్నాడు. మార్ అప్రేము బోవూసో అని 7 అక్షరాల నడకలో ప్రార్థన పాటలు మలయాళంలో పాడతారు. కొట్టాయంలో ఆయన పేరుతోనే సిరియాక్ అధ్యయన సంస్థ ఉంది, అన్ని సంఘాలవాళ్ళూ వచ్చి చదువుకుంటారు.

ఇంకో సంబంధం కూడా ఉంది. నిసిబిస్ పాటల్లో 42వ దాంట్లో సైతాను ఏడుస్తూ ఉంటాడు. నేను ఎక్కడికి పారిపోను, ఇండియాలో చంపిన అపొస్తలుడు నాకంటే ముందే ఎదెస్సాకి వచ్చేశాడు అని. తోమా ఎముకల్ని ఒక వర్తకుడు ఇండియా నుంచి ఎదెస్సాకి తెచ్చాడని ఆ ఊళ్ళో అప్పటికే గట్టి నమ్మకం. తోమా నిజంగా ఎక్కడిదాకా వచ్చాడన్నది చరిత్రకారుల చర్చ, దాన్ని ఇక్కడ తేల్చలేం. కానీ 4వ శతాబ్దంలో ఎదెస్సా వీధుల్లో మన దేశం పేరు పాటలో పాడారన్నది మాత్రం నిజం.

రైలుబండి:
చదువుతున్నాను, చాలా బాగుంది. కానీ ఒక విషయం అడగాలి. ఎఫ్రేము పాటల్లో యూదుల మీద చాలా కటువైన మాటలున్నాయని విన్నాను. ఇంత పొగిడి అది వదిలేస్తే ఎలా?

తాళపత్రం:
వదిలేయకూడదు. ఉన్నాయి, కటువుగానే ఉన్నాయి, ముఖ్యంగా పులియని రొట్టెల పండుగ పాటల్లోనూ సిలువ పాటల్లోనూ. ఒక జాతి మొత్తాన్ని ప్రభువు మరణానికి నిందితుల్ని చేసి మాట్లాడతాడు. ఆ కాలంలో మిగతావాళ్ళూ అలాగే రాశారని చెప్పి దాటేయడం నాకు నచ్చదు, ఎందుకంటే అలాంటి మాటల వల్ల తరువాతి శతాబ్దాల్లో మనుషులు నిజంగా దెబ్బలు తిన్నారు.

సందర్భం తెలుసుకోవడం మాత్రం అవసరం. ఆయన సంఘంలోని కొందరు యూదుల పస్కాకి వెళుతున్నారు, అది ఆపాలని ఆయన పంతం. ఇంకో సంగతి, ఆదికాండము మీద ఆయన వ్యాఖ్యానంలో యూదు బోధకుల వివరణలతో కలిసే విషయాలు ఎన్నో ఉన్నాయి. అంటే వాళ్ళ దగ్గర నేర్చుకున్న సంప్రదాయంలోనే పెరిగి వాళ్ళనే దూషించాడు. ఆ పాటలు చదివేటప్పుడు నాకు బాధగా ఉంటుంది, ఆ భాగాల్ని సంఘంలో పాడకూడదనే నా అభిప్రాయం.

పెన్నాతీరం:
తాళపత్రం గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. దేవుడి గురించి మాట్లాడేటప్పుడు అంత జాగ్రత్తగా ఉన్న మనిషి పక్కింటివాళ్ళ గురించి ఆ జాగ్రత్త చూపలేదు.

పాటల_అక్క:
ఆయన చివరి రోజుల సంగతి కూడా చెప్పాలి. 372-73లో ఎదెస్సాలో కరువు వచ్చింది. ధనవంతుల గాదెల్లో ధాన్యం ఉంది, కానీ ఎవరి చేతికిచ్చినా తినేస్తారు, నమ్మకస్తుడు లేడు అని సాకు చెప్పారట. మరి నా మీద నమ్మకముందా అని ఎఫ్రేము అడిగితే, మీరు దైవజనులు, మీకిస్తాం అన్నారు. ఆ డబ్బుతో వీధి వసారాల్లో సుమారు 300 పడకలు వేయించి ఆకలితో పడిపోయినవాళ్ళకు తిండి పెట్టించాడు, జబ్బుపడ్డవాళ్ళకు సేవ చేశాడు, చనిపోయినవాళ్ళను పాతిపెట్టించాడు. కరువు తీరి మళ్ళీ పంట చేతికొచ్చాక తన గదికి వెళ్ళిపోయి నెల తిరగకుండానే చనిపోయాడు. పల్లాదియస్, సొజొమెను అనే పాత చరిత్రకారులు ఇద్దరూ రాశారు ఇది. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ఆరిలోవ_బ్రదర్:
యూట్యూబ్‌లో ఒక వీడియోలో ఎఫ్రేము ఐగుప్తు ఎడారికి వెళ్ళి సన్యాసుల్ని కలిశాడని, కైసరయలో అక్కడి బిషప్పు బాసిలుని కలిశాడని చెప్పారు. నిజమేనా?

తాళపత్రం:
ఆ రెండూ 6వ శతాబ్దంలో రాసిన జీవిత కథలోంచి వచ్చినవి, పరిశోధకులు ఒప్పుకోరు. అప్పటికి ఎడారి సన్యాసులకు మంచి పేరు ఉంది కాబట్టి ఆయన్నూ అలాగే బొమ్మ కట్టారు. నిజానికి ఆయన ఊళ్ళో జనం మధ్య ఉన్న బ్రహ్మచారి, సంఘ సేవకుడు. తండ్రి అన్యదేవతల పూజారి అన్నది కూడా ఆ కథలోదే, ఆయన మాత్రం సత్య మార్గంలోనే పుట్టానని చెప్పుకున్నాడు. గ్రీకులో ఆయన పేరు మీద కుప్పలు కుప్పలుగా రచనలున్నాయి, చాలావరకు ఆయనవి కావు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు శ్రమల దినాల్లో మోకరించి చేసే చిన్న ప్రార్థన ఆయన పేరుతోనే ఉంది. గొప్ప ప్రార్థనే, కానీ దొరికేది గ్రీకులోనే.

అసలు సిరియాక్ పాటలు మనదాకా రావడానికి ముఖ్య కారణం ఐగుప్తు ఎడారిలోని ఒక సిరియను మఠం. 932లో ఆ మఠాధిపతి నిసిబిస్ మోషే బాగ్దాదు నుంచి 250 వ్రాతప్రతులు తెచ్చి పెట్టాడు. ఆ పొడి గాలిలో అవి చెడిపోలేదు. 18, 19 శతాబ్దాల్లో వాటిలో చాలా రోముకీ లండనుకీ చేరాయి. 20వ శతాబ్దంలో ఎడ్మండ్ బెక్ అనే జర్మను సన్యాసి వాటిని సరిచూసి వరసగా అచ్చు వేయించాడు. 1920లో 15వ బెనెడిక్టు పోపు ఎఫ్రేముని శ్రీసభ పండితుడిగా, అంటే కతోలిక సంఘం మొత్తానికి గొప్ప బోధకుడిగా ప్రకటించాడు.

రైలుబండి:
మొదలుపెట్టాలంటే ఏది చదవాలి? ఇంగ్లీషులో చదవగలను.

పెన్నాతీరం:
పరదైసు పాటలు, మొత్తం 15 ఉన్నాయి. సెబాస్టియన్ బ్రాక్ ఇంగ్లీషు అనువాదం ఉంది. ముందు 5వది చదవండి. ఆదికాండము మొదటి వచనాలు చదువుతుంటే ఆ వచనాలే చేతులు చాచి తనను పట్టుకుని పరదైసులోకి తీసుకుపోయాయని, కన్ను అక్షరాల వంతెన మీద నడిచిందని రాస్తాడు. తరువాత 3వది. తోటను దేవాలయంలా చూపిస్తాడు, జీవవృక్షం అతి పరిశుద్ధ స్థలం, మంచిచెడ్డల వృక్షం దాని ముందున్న తెర. అవి అయ్యాక నిసిబిస్ పాటల్లో 36వది, మరణం గొప్పలు చెప్పుకుంటూ ఉండగా ప్రభువు పాతాళం తలుపు తీస్తాడు. నాటకంలా ఉంటుంది.

పాటల_అక్క:
ఛందోప్రియ గారూ, అప్పటి బాణీలు ఏమైనా మిగిలాయా? మా కాయిర్‌తో ఒకటి పాడించాలని ఉంది.

ఛందోప్రియ:
బాణీల పేర్లే మిగిలాయండి, స్వరాలు రాసిపెట్టే అలవాటు ఆ రోజుల్లో లేదు. సిరియను సంఘాల్లో ఇప్పుడు పాడే వరసలు తరువాత శతాబ్దాల్లో నోటి నుంచి నోటికి వచ్చినవి. కాబట్టి మీరు మీకు నచ్చిన రాగం పెట్టుకోవచ్చు. జననపు పాటల్లో 11వ దాన్ని తెలుగులో ద్విపదగా ప్రయత్నిస్తాను, పల్లవి మాత్రం విడిగా ఉంచుతాను, అప్పుడు బృందం అందుకోవడానికి వీలుంటుంది. మొదటి మూడు చరణాలు ఈ థ్రెడ్‌లోనే పెడతాను, సిద్ధాంతం ఎక్కడైనా జారితే ఆరిలోవ_బ్రదర్ గారు సరిచూడాలి.

ఆరిలోవ_బ్రదర్:
తప్పకుండా చూస్తాను. పెట్టండి.